బకెట్ ఉందిగా

మే 6

నా వైపు చూడకుండా అన్నాడు. అన్నందుకు కూడా కాదు, చూడకుండా అన్నందుకు ఒళ్ళు మండిపోతోంది.

కంటి ఆసుపత్రి హాల్లో, ఇన్నేళ్ళూ నేను నీటి మొక్కలు వేసి తోటలా పెంచిన చేపల టాంకు ముందు అందరూ గుమిగూడారు. డాక్టరమ్మ, మేనేజరు, నర్సులు, ఒక కంటికి పట్టీ వేసుకున్న పేషెంట్లు. చేపలన్నీ వెల్లకిలా తేలాయి. నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా ఉన్నాయి. "ఏమైంది?" అని డాక్టరమ్మ అడిగింది. మా తమ్ముడు మెడ గోక్కుంటూ, "అక్క మొక్కలకు యూరియా వేసేటప్పుడు చెయ్యి జారినట్టుంది మేడమ్" అన్నాడు.

చెయ్యి జారిందట! నా చెయ్యి! నాన్న చేపల దుకాణం పెట్టిన నాటి నుంచి ఆ టాంకుల్లో మందు వేస్తున్నది ఈ చెయ్యే. దీని వల్ల ఇంతవరకు ఒక్క పిల్లచేప చావలేదు.

నాకు నోట మాట రాలేదు. అదే నా కొంప ముంచింది. మాట్లాడకుండా నిలబడ్డవాళ్ళదే తప్పు అనుకుంటారు జనం. డాక్టరమ్మ నా వైపు జాలిగా చూసింది. ఆ జాలి చూపు కంటే రెండు చెంపదెబ్బలు నయం.

తర్వాత ఫిల్టరు స్పాంజి విప్పి పిండాను. నిండా తొక్కలు. పెద్ద తోటలకు వేసే యూరియా గుళికల మీద ఒక పూత ఉంటుంది, లోపలిది కరిగిపోయినా ఆ పూత తొక్కలా మిగిలిపోతుంది. ఆ సరుకు నేను గుమ్మం లోపలికి కూడా రానివ్వను. ఆ టాంకు మూత తాళం నా దగ్గర కాక ఇంకొకడి దగ్గరే ఉంది. ఆకులు పాలిపోయాయని మేనేజరు ఫోన్ చేసి ఉంటాడు, వీడు నన్నడగడానికి నామోషీ పడి, చవగ్గా దొరికింది తెచ్చి డబ్బాడు కుమ్మరించి ఉంటాడు. చిన్నప్పుడూ అంతే, టాంకులో గొట్టం పెట్టి బుడగలు ఊది నీళ్ళన్నీ నేలపాలు చేసేవాడు. అందుకే వాడి పేరు బుడగ. తుడిచేది నేను.

బయటికొచ్చాక ఏమన్నాడో తెలుసా? "కొన్నాళ్ళు దుకాణానికి రావద్దక్కా. కాస్త చల్లబడనీ."

చల్లబడనిస్తాను. బాగా చల్లబడనిస్తాను. అదే హాల్లో, అదే జనం ముందు, వాడి నోటితోనే "తప్పు నాది" అనిపించకపోతే నేను మా నాన్న కూతుర్ని కాను.

మే 7

తొక్కలు కడిగి ఆరబెట్టి జామ్ సీసాలో పోశాను. మూత గట్టిగా బిగించాను.

మే 15

వాళ్ళ టాంకు కడగడానికి వెళ్తే బట్టల షాపాయన "ఈ నెలకు వద్దులెండమ్మా" అన్నాడు. పళ్ళ డాక్టరు ఫోనే ఎత్తలేదు. ఇప్పుడు నా చేతిలో మిగిలిన టాంకు ఒక్కటి, మా వంటింటి కిటికీ పక్కది.

ఈయన లారీ దిగి ఇంటికొచ్చి సంగతి విని, "ఆ సీసా పట్టుకెళ్ళి డాక్టరమ్మ బల్ల మీద పెట్టరాదూ? తేలిపోతుంది" అన్నారు.

"ఆవిడకు తొక్కేదో తోకేదో ఏం తెలుస్తుందండీ?"

"చెప్తే తెలుస్తుంది. చదువుకున్నావిడ."

పెట్టను. నాకు కావలసింది సాక్ష్యం కాదు, వాడి నోరు. ఈయనకిది అర్థం కాదు. ఈయనకు తమ్ముళ్ళు లేరు.

మే 30

ఆసుపత్రివాళ్ళు టాంకు మళ్ళీ వాడికే ఇచ్చారట! కొత్త ఇసుక, కొత్త ఫిల్టరు, కొత్త రాళ్ళతో మొదటి నుంచి కట్టాడట. నా పేరు గంగలో కలిపి వాడు మాత్రం దర్జాగా కూర్చున్నాడు.

చూడకుండా ఉండలేకపోయాను. ఊరికే వెళ్తే చులకనైపోతాను కదా, అందుకని కళ్ళు మసకగా ఉన్నాయని చెప్పి చీటీ రాయించుకుని వెళ్ళాను. ఆ నర్సు పిల్ల నేను కుర్చీలో కూర్చోగానే "తల పైకెత్తండి ఆంటీ" అని రెండు కళ్ళలోనూ చుక్కలు వేసేసింది. కంటిపాపలు పెద్దవి చేసే మందట. టాంకు ముందుకు వచ్చి నిలబడేసరికి నాకు పచ్చగా ఒక మరక, తెల్లగా ఒక మరక తప్ప ఏమీ కనపడలేదు. శత్రువు కోట చూడ్డానికి పోయి కళ్ళు పోగొట్టుకొచ్చిన మొనగత్తెను నేనే. గాజుకు ముక్కు ఆనించి చూశాను. తెల్లటివి రాళ్ళు, కొండలా పేర్చాడు. ఫిల్టరు దగ్గర నల్లగా ఏదో ఉంది, చెక్క ముక్క కాబోలు.

స్టాండు పక్కన సంచిలో మిగిలిన రాళ్ళున్నాయి. ఒకటి కొంగులో వేసుకున్నాను. దొంగతనం అనను. అక్కని.

ఇంటికి ఆటోలో వచ్చాను. దారంతా ఎండ సూదుల్లా గుచ్చింది.

మే 31

రాయి మీద నిమ్మకాయ పిండాను. బుసబుసా పొంగింది.

సున్నపు రాయి! ఒరే బుడగా, నాన్న నీకెన్నిసార్లు చెప్పాడురా!

జూన్ 11

ఇవాళ మరదలు వచ్చింది. బుడగ పెళ్ళాం. నోట్లో వేలు పెట్టినా కొరకదు, అంత మెత్తన. గుమ్మంలోనే, "ఆయనకు తెలియకుండా వచ్చాను వదినా" అంది. తర్వాత టీ తాగుతూ "ఆయన అడిగి రమ్మన్నారు" అని రెండుసార్లు నోరు జారింది. నేను విననట్టే ఉన్నాను.

"మొక్కలు పాలిపోతున్నాయి వదినా. పాత ఆకులు పసుపెక్కి రాలిపోతున్నాయి. ఈ నెలాఖరుకు కొత్త వార్డు తెరుస్తారట, ఎవరెవరో పెద్దవాళ్ళు వస్తారట. ఏ యూరియా వేస్తే చేపలకేం కాకుండా ఉంటుంది?"

"వాడికి తెలియదా?"

"మీరు చెప్తేనే..." అని నీళ్ళు నమిలింది. "మీరొకసారి వచ్చి చూస్తే బాగుంటుంది."

"నాకెక్కడ తీరిక?" అన్నాను. ఇంట్లో తీరిక తప్ప ఇంకేమీ లేదు.

"అదే అనుకున్నాం" అంది పాపం. అనుకున్నాం అంది, అనుకున్నాను అనలేదు. ఇద్దరూ కూర్చుని నా గురించి బాగానే మాట్లాడుకుంటున్నారన్నమాట.

వెళ్ళేటప్పుడు ఒక మాట చెప్పింది. ఆ గొడవ తర్వాత బుడగకు ఒక పిచ్చి పట్టుకుందట. కొత్తగా ఏం తెచ్చినా, చివరికి రోజూ వేసే మేత కంపెనీ మారినా, ముందు బకెట్‌లో పెట్టి చూస్తున్నాడట. అది నాన్న పద్ధతి. ఆ టాంకు నీళ్ళే ఒక బకెట్‌లో పట్టి, ఆ టాంకు రాయే ఒకటి వేసి, నాలుగు నత్తలు వదిలి, కొత్త మందు వేసి, రెండు రోజులు చూడాలి. నత్తలు గోడెక్కి బయటికి పారిపోతే ఆ మందు టాంకులోకి వెళ్ళదు.

ఇల్లు కాలాక నీళ్ళ బకెట్ గుర్తొచ్చిందన్నమాట వీరుడికి.

ఎల్లుండి రమ్మన్నాను. నేనే చూసి, మంచిది ఎంచి ఇస్తానన్నాను. చేతులెత్తి దణ్ణం పెట్టింది.

జూన్ 12

పొద్దున్నంతా వంటగట్టు మీద గ్లాసులు పరిచాను. ఇంత ఇష్టంగా పని చేసి ఎన్నాళ్ళయిందో!

మొదటి గ్లాసులో తోటలకు వేసే పూత గుళికలు, వాడు వాడినవే, ఈ ఒక్కసారికి గుమ్మం దాటనిచ్చాను. మొదట నా ఆలోచన ఇదే. వాడి గొయ్యి వాడి మట్టితోనే పూడుద్దామనుకున్నాను. కానీ తొక్కలు మిగులుతాయి. ఫిల్టరు విప్పితే నాకు దొరికినట్టే వాడికీ దొరుకుతాయి. పక్కన పెట్టేశాను.

రెండోది నర్సరీలో అమ్మే రంగు పూసలు. ఏమేం కలిపారో రాయలేదు. రాగి ఉంటే రొయ్య పిల్లలు మొదట పోతాయి. కంపెనీ దాచిన సరుకును నేను నమ్మను. ఇదీ పక్కకే.

మూడోది పొగ తగ్గడానికి ఈయన లారీలో పోసే యూరియా నీళ్ళు. స్వచ్ఛమైనదే అంటారు. మూత విప్పగానే ఈయన లోపలికొచ్చి, "నా లారీ తాగేది నీ చేపలకు పోస్తావా? రేపు అవి హారన్ కొడతాయి" అన్నారు. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఆ క్యానును ఎన్ని చేతులు ముట్టాయో, దానికి ఏ నూనె తగిలిందో నాకు తెలియదు. తెలియనిది టాంకులో పోయను.

నాలుగోది ప్రయోగశాలలకు సరుకు అమ్మే షాపులో తెచ్చింది. పంచదార కంటే తెల్లగా, వాసన లేకుండా. నీళ్ళలో వేసి తిప్పి గ్లాసు చెంపకు ఆనించుకున్నాను. చల్లగా ఉంది, ఐసు పెట్టినట్టు. నాన్న మా ఇద్దరికీ ఇలాగే నేర్పాడు. అసలు యూరియా కరుగుతూ నీళ్ళ వేడి లాగేస్తుంది, చెంపకు తెలిసిపోతుంది, అడుగున ఏమీ మిగలదు, పైన తెట్టు కట్టదు. ముందు నా చెంపకు ఆనించి, తర్వాత బుడగ చెంపకు ఆనించేవాడు. వాడు కిచకిచ నవ్వేవాడు.

ఇదే ఇస్తాను. ఇంతకంటే మంచి యూరియా లోకంలో లేదు. రేపు ఎవరు పరీక్షించినా నా సరుకులో వంక దొరకదు.

వంకంతా వాడి రాళ్ళలో ఉంది. నాన్న చెప్పినది నాకు ఇంకా చెవిలో ఉంది. యూరియా నీళ్ళలో పడ్డాక నెమ్మదిగా అమోనియా అవుతుంది. నీళ్ళు కాస్త పులుపు వైపుంటే చేపకు ఏమీ కాదు, మొక్క తినేస్తుంది. సున్నపు రాళ్ళ నీళ్ళలో అదే మొప్పలు కాల్చేస్తుంది. ఫిల్టరు కూడా కొత్తదైతే, అమోనియాను అరిగించుకునే సూక్ష్మజీవులేవీ అందులో ఇంకా పుట్టి ఉండవు. ఏ యూరియా అని అడిగే ముందు ఏ నీళ్ళు అని అడగాలి.

వాళ్ళు నీళ్ళ గురించి నన్ను అడగలేదు.

జూన్ 13

ఇచ్చాను. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

సీసాలో పోసి, కొలత మూత కూడా నేనే ఇచ్చి, "రోజూ ఒక మూత. నా టాంకుకూ ఇదే వేస్తాను" అన్నాను. వేస్తాను. మా కిటికీ టాంకులో సున్నపు రాళ్ళు లేవు, ఫిల్టరు ముసలిది. టాంకు పెద్దది కాబట్టి మూత కాస్త పెద్దది ఇచ్చాను. అంతే.

మరదలు సీసాను రెండు చేతులతో పట్టుకుని, "ఇంకేమైనా చూసుకోవాలా వదినా?" అని అడిగింది.

అడిగింది. అది నిజం.

"ఏముంటుంది?" అన్నాను.

దీన్ని తడిగుడ్డతో గొంతు కోయడం అంటారని నాకు తెలుసు. వాడు అందరి ముందూ పొడి కత్తితోనే కోశాడు కదా!

అయినా బకెట్ ఉందిగా. వాడు ముందు బకెట్‌లో వేస్తాడు. నత్తలు గోడెక్కుతాయి. వాడికే తెలుస్తుంది, ఆపేస్తాడు. భయపడతాడు, నన్ను తలుచుకుంటాడు. నాకంతే చాలు.

జూన్ 14

బకెట్ ఉందిగా.

జూన్ 15

ఫోన్ రాలేదు. బకెట్‌లో వేసి ఉంటే ఈపాటికి నత్తలు ఎక్కాలి. మరదలు ఏడుస్తూ ఫోన్ చేయాలి. చేయలేదంటే ఇంకా పరీక్ష మొదలుపెట్టలేదన్నమాట. వాడికి బద్ధకం.

ఈయన, "ఏంటి, ఫోనును కోడిపెట్టలా పొదుగుతున్నావు?" అన్నారు.

జూన్ 16

వాళ్ళు పిలిస్తే వెళ్ళి చూడొచ్చు. పిలవకుండా నేనెందుకు వెళ్ళాలి?

చేపలు వాడివి.

జూన్ 18

మేనేజరు ఫోన్ చేశాడు. "అమ్మా, మీరు వెంటనే రావాలి" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. చెప్పులు కుడి ఎడమలు మార్చి వేసుకుని వెళ్ళాను.

మళ్ళీ అదే హాలు, అదే గుంపు. నీళ్ళు ఈసారి అద్దంలా తేటగా ఉన్నాయి, మొక్కలు నిగనిగలాడుతున్నాయి. చేపలన్నీ పైన తేలి ఉన్నాయి. మొప్పలు ఎర్రగా కమిలాయి. మంచి సరుకు కదా, తెట్టు లేదు, తొక్క లేదు. ఎంత శుభ్రంగా చంపిందో!

ఫిల్టరు దగ్గర చెక్క ముక్క లేదు. ఆ రోజు నా మసక కళ్ళకు చెక్కలా కనపడింది ముసలాడు. నాన్న తెచ్చిన నల్ల నాచుచేప. దుకాణం గల్లాపెట్టె పక్క టాంకులో, మేం పిల్లలుగా ఉన్నప్పటి నుంచి గాజుకు మూతి అతికించుకుని ఉండేవాడు. వాణ్ణి కూడా ఇక్కడికి తెచ్చాడా బుడగ! నాచు తింటాడనో, అందరూ చూస్తారనో. ముసలాడిప్పుడు ఎర్ర బకెట్‌లో పక్కకు ఒరిగి, నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. బుడగ నేల మీద కూర్చుని చేత్తో వాడి మీద నీళ్ళు చిలకరిస్తున్నాడు.

మరదలు నా పక్కకొచ్చి చెవిలో అంది. "బకెట్‌లో పెట్టి చూద్దామని నేనన్నాను వదినా. ఆయనే ఒప్పుకోలేదు. అక్క చేత్తో ఎంచి పంపిందాన్ని నత్తలకు పెట్టి చూడ్డమేంటి, సిగ్గుండక్కర్లేదా అన్నారు. గ్లాసులో కలిపి చెంపకు పెట్టుకుని, చూడు ఎంత చల్లగా ఉందో అని నా చెంపకు కూడా పెట్టారు."

గోడ పట్టుకున్నాను.

డాక్టరమ్మ వచ్చింది. టాంకు చూసింది, నన్ను చూసింది. "ఈసారి కూడా మీ అక్కేనా?" అని వాణ్ణి అడిగింది.

బుడగ లేచి నిలబడ్డాడు. చేతులు తడిగా ఉన్నాయి. ఈసారి నా వైపు చూశాడు. చూస్తూనే అన్నాడు.

"కాదు మేడమ్. ఇది నేనే. పోయినసారి కూడా నేనే. అక్క చెయ్యి ఎప్పుడూ జారలేదు. తప్పు నాది."

అదే హాలు, అదే జనం. నేను కోరిన మాట కోరినట్టే, ఒక్క అక్షరం తగ్గకుండా. పేషెంట్లు కూడా విన్నారు. డాక్టరమ్మ నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని, "క్షమించండమ్మా, మిమ్మల్ని అనుమానించాం" అంది.

నేను నోరు తెరవలేదు.

అప్పుడు నోరు తెరవకపోతే తప్పు నాదయింది. ఇప్పుడు తెరవకపోతే వాడిదయింది. నాకు పండగ చేసుకోవాలనిపించాలి కదా!

జూన్ 19

ఆసుపత్రివాళ్ళు వాణ్ణి మానిపించారు. బట్టల షాపాయన ఫోన్ చేసి "ఎప్పుడొస్తారమ్మా?" అన్నాడు. పళ్ళ డాక్టరు కూడా. రేపు వెళ్ళి డాక్టరమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను.

జూన్ 20

వాన. రేపు.

జూన్ 21

అసలు వాడు మొదట చేసిందానికి ఇది చెల్లు. చెప్పడమెందుకు? జామ్ సీసా ఇంకా అటక మీదే ఉంది.

జూన్ 22

సీసా దించి, తొక్కలు చెత్తబుట్టలో పోశాను. మనసేం తేలికపడలేదు.

జూన్ 23

ఇప్పుడే మరదలు వచ్చింది. టీ వద్దంది. ముసలాడు బతికాడట, ఇవాళ గాజుకు అతుక్కున్నాడట. దుకాణంలో వాడికి వేరే టాంకు కడుతున్నారట.

"ఆయన అడిగి రమ్మన్నారు వదినా" అంది. ఈసారి తెలియకుండా వచ్చాననలేదు. "ముసలాడి టాంకులో మొక్కలకు ఏ యూరియా వేయాలి?"

ముందు నాకు కోపం వచ్చింది. ఎగతాళా ఇది? నేనిచ్చిన సీసా నా నెత్తినే పోస్తున్నాడా? మరదలు మొహం చూశాను. ఆ మొహానికి ఎగతాళి చేయడం రాదు.

"ముందు రాళ్ళేవో చెప్పు" అన్నాను. "ఫిల్టరు కొత్తదా పాతదా చెప్పు. ఆ తర్వాత యూరియా."

చెప్పబోయి ఆగిపోయింది. నా కళ్ళలోకి చూసింది. మెత్తన మనిషే కానీ మొద్దు మనిషి కాదు.

"మొన్న ఇవేవీ అడగలేదేం వదినా?"

అబద్ధం ఆడటానికి బోలెడు చోటుంది. మరిచిపోయాననొచ్చు. హడావిడిలో ఉన్నాననొచ్చు.

"తెలిసే అడగలేదు" అన్నాను.

అరుస్తుందనుకున్నాను. శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. పెట్టినా పడతాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "ఆయనకు తెలుసు వదినా" అంది. "ఆ రోజే, రాళ్ళు బయటికి తీస్తూ అన్నారు. అక్కకు సున్నపు రాయి తెలియకపోవడమా అని. అందుకే మళ్ళీ మిమ్మల్నే అడిగి రమ్మన్నారు."

ఏం తమ్ముడు వీడు! ఇంతకంటే నన్ను అందరి ముందూ తిట్టినా బాగుండేది.

ముసలాడి యూరియా సంగతి సాయంత్రం దుకాణానికి వెళ్ళి, నీళ్ళు చూసి చెప్తాను. బకెట్‌లో నేనే పెడతాను. ముందు డాక్టరమ్మకు నిజం చెప్పాలి. అదే హాలు, పేషెంట్లు ఉండే వేళే. మరదలు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది, ఒక్క నిమిషం ఆగమని ఇది రాస్తున్నాను. ఒంటరిగా బయలుదేరితే మళ్ళీ వాన వస్తుందని భయం.